మర: తిరగడమూ దిగడమూ

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ముంబై రోడ్డుకు రెండు వైపులా ఇన్ని యంత్రాలు రాత్రింబవళ్ళు తిరుగుతున్నా ‘మర’ అన్న మాట మాత్రం ఇక్కడ ఎవరి నోటా వినపడదు. లేత్ మిషిన్, కుట్టు మిషిన్, బోరు మిషిన్, అన్నీ మిషిన్లే. పిండి పట్టించేది గిర్ని; మరాఠీ వాళ్ళ గిరణీయే ఇక్కడికొచ్చి గిర్ని అయింది. కోస్తాలో “మరకెళ్ళి పిండి ఆడించుకురా” అంటే పిల్లలకు కూడా అర్థమవుతుంది. ఇస్నాపూర్‌లో ఆ మాటే అంటే ఏం మర, ఎక్కడి మర అని అడుగుతారు. అయినా బడికి పోయిన ప్రతివాళ్ళకూ ఈ మాట ఒక చోట ఎదురైంది. పిల్లల పత్రికలోనో తెలుగు వాచకంలోనో ‘మరమనిషి’ అని చదివారు. అంటే ఈ ప్రాంతానికి మర పనిలోంచి రాలేదు, కథలోంచి వచ్చింది.

తెలుగులో మరకు రెండు అర్థాలున్నాయి. ఒకటి యంత్రం: మరమగ్గం, మరబొమ్మ, మరపడవ, మరతుపాకి. రెండోది చిన్నది, నాకు ఎక్కువ ఇష్టమైనది. మేకు ఒంటి చుట్టూ మెలిక తిరుగుతూ పోయే గాడి. ఆ గాడి ఉన్న మేకు మరమేకు. మెడకూ మూతకూ ఆ గాడి కోసిన చెంబు మరచెంబు. ఒకప్పుడు రైలెక్కిన ప్రతి కుటుంబం సంచిలోనూ నీళ్ళు ఒలకకుండా కాపాడింది అదే. తమిళులు కూడా ఆ గాడిని మరై అంటారు. దగ్గరలోనే మరలు, మరలించు, మరల అన్న మాటలు ఉన్నాయి. ‘మరలి’ జనం నోట నలిగి ‘మళ్ళీ’ అయింది. తిరగడం, తిరిగి రావడం, ఇంకోసారి జరగడం, ఈ మూడూ తెలుగు చెవికి ఒకే ధ్వనిలో వినిపిస్తాయి.

వర్క్‌షాపుల్లో ఈ గాడిని థ్రెడ్ అంటారు. ఉర్దూ అలవాటున్న పాత మిస్త్రీలు చూడీ అంటారు. చేతికి వేసుకునే గాజుకూ వాళ్ళకు అదే పేరు.

నేను ఈ మాట దగ్గర ఆగింది సీరీస్‌ల గురించిన వాదనల వల్ల. వైజ్ఞానిక కల్పన కానీ, మంత్రాల అద్భుత కథ కానీ, భాగాలు భాగాలుగా వచ్చే వాటిని ఈ ప్రాంతంలో చాలామంది చూస్తారు, కొందరు చదువుతారు. కంపెనీ బస్సులో షిఫ్టుకు పోయే కుర్రాళ్ళు ఫోన్లో డబ్బింగ్ సీజన్లు చూస్తారు. కంది ఐఐటీ హాస్టళ్ళలో వాటి మీద రాత్రుళ్ళు గొడవలు పడతారు. ఎవరిని అడిగినా వచ్చే ఫిర్యాదు ఒకటే: “ఫస్ట్ పార్ట్ మస్తుండె అన్నా, తర్వాత సాగదీసిండ్రు.” సాగదీయడం అన్నది మంచి తెలుగు మాటే కానీ జబ్బు పేరు చెప్పి ఊరుకుంటుంది, ఎక్కడ మొదలైందో చెప్పదు. పొడవైన ప్రతిదీ సాగదీసింది కాదు. అరవై నెలలు నడిచినా బిగువు తగ్గని కథ ఉంటుంది. రెండున్నర గంటల్లోనే వదులైపోయే సినిమా ఉంటుంది. ఆ తేడా చెప్పడానికి నాకు మర కావాలి.

లేత్ మీద థ్రెడ్ కోయడం చూసినవాళ్ళకు ఇది తెలుసు. పది మిల్లీమీటర్ల మామూలు బోల్టుకు పిచ్ ఒకటిన్నర మిల్లీమీటర్లు. అంటే నట్టు ఒక చుట్టు తిరిగితే ఒకటిన్నర మిల్లీమీటర్లు ముందుకు పోతుంది. ఎంత వేగంగా తిప్పినా చుట్టుకు అంతే. ఆ గాడి ఒక్క కోతలో రాదు. టూల్ అదే దారిలో మళ్ళీ మళ్ళీ పోవాలి, పోయిన ప్రతిసారీ కాస్త లోతు పెరగాలి. టర్నర్ ప్రతి కోతకూ ముందు డయల్ చూసుకొని, సరైన గీత దగ్గరికి వచ్చినప్పుడే టూల్‌ను కదిలించే హాఫ్ నట్ వేస్తాడు. గీత తప్పితే టూల్ పాత గాడిలో పడదు, పక్కన ఇంకో గాడి కోస్తుంది. అప్పుడు రెండు గాళ్ళూ పాడవుతాయి, ముక్క స్క్రాపులోకి పోతుంది. సీరీస్ రాసేవాళ్ళ పని సరిగ్గా ఇదే. కథ అదే చోటికి తిరిగి రావాలి, వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం లోపలికి దిగాలి. తిరగకుండా దిగేది మామూలు మేకు. అది ఒక్క దెబ్బ, ఒక్క కథ. దిగకుండా తిరిగేదాన్ని షాపులో “థ్రెడ్ స్లిప్ అయింది” అంటారు. జనం సాగదీసిండ్రు అంటున్నది దాన్నే.

ఈ కొలతతో మొదట చూడవలసినవి మన చందమామ సీరియళ్ళు. దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి, 1978లో వచ్చిన ‘భల్లూక మాంత్రికుడు’ దాకా పన్నెండు రాశారు. వాటి మీద ఆయన పేరు ఉండేది కాదు. ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’ అన్న పేర్లు ఒక తరానికి నోటికి వచ్చు, రాసినాయన ఎవరో మాత్రం చాలామందికి చాలా ఏళ్ళు తెలియలేదు. 1954లోనే ఇంగ్లండులో టోల్కీన్ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి సంపుటం వచ్చింది. ఆయన రాసింది ఒకే పుస్తకం. యుద్ధం తర్వాత కాగితం ఖరీదుకు భయపడి ప్రచురణకర్తలు దాన్ని మూడు ముక్కలు చేశారు. మన దాసరికి ఆ వెసులుబాటు లేదు. నెలకు కొన్ని పేజీలు, చివర “ఇంకా వుంది”, ముప్పై రోజుల తర్వాత అదే గాడిలో టూల్ పడాలి. చదివే పిల్లవాడు ఈలోగా మరిచిపోకూడదు.

ఆయన బలం ఆ చివరి వాక్యంలో ఉందని చాలామంది అంటారు: కొండచిలువ నోరు తెరిచింది, గుహలోంచి అరుపు వినిపించింది, ఇంకా వుంది. నాకలా అనిపించదు. ఆ ఎత్తు ఎవరైనా నేర్చుకుంటారు. ఆయన గొప్పతనం తర్వాతి నెల మొదటి పేరాలో ఉంది. ఆపదను పూర్తిగా తీర్చేయరు, దాన్ని ఇంకో ఆపదగా మారుస్తారు. ఖడ్గవర్మా జీవదత్తుడూ ఒక శత్రువు నుంచి తప్పించుకుంటే, ఆ తప్పించుకున్న దారే ఇంకో తెగ సరిహద్దులోకి తీసుకుపోతుంది. జయశీలుడూ సిద్ధసాధకుడూ వెళ్ళే అడవి ప్రతి నెలా కొత్తదే, ప్రయాణం మాత్రం ఒకటే. చిత్రకారుడు చిత్రా బొమ్మల బలం కూడా ఇక్కడ కలిపి చెప్పాలి. వింత జంతువు మీద వచ్చే వింత మనిషిని ఆయన అంత నమ్మకంగా గీస్తే, రాతకు ఋజువులు చూపించే పని తప్పింది.

బలహీనత కూడా అంతే స్పష్టంగా ఉంది. ఆ లోకంలో ఆడవాళ్ళు దాదాపు లేరు. ఉన్నవాళ్ళు ఎత్తుకుపోబడటానికే ఉన్నారు. ఇద్దరు వీరుల జంటల్లో ఒకరిని తీసి ఇంకో సీరియల్లో పెడితే తేడా తెలియదు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది, ఇరవై నెలలు నడిచాక కూడా వీరుడు లోపల మారడు. దారి పొడవునా అడవి మారుతుంది, మనిషి మారడు. కథ తిరిగింది, ముందుకూ పోయింది, కానీ దిగవలసిన చోట, మనిషి లోపల, దిగలేదు. పదేళ్ళ పిల్లలకు రాసింది కాబట్టి ఇది తప్పు కాదని వాదించవచ్చు. పదేళ్ళ పిల్లలకు మనిషి మారడం తెలుసునని నేను అంటాను.

ఐజాక్ అసిమోవ్ ‘ఫౌండేషన్’ కథలు 1942లో ఒక పత్రికలో మొదలై 1951, 1953 మధ్య మూడు పుస్తకాలయ్యాయి. తొలి కథల్లో అదే సంకటం: చిన్న గ్రహం, చుట్టూ బలవంతులు, చేతిలో ఆయుధం లేదు. ఒకసారి మతంతో, ఇంకోసారి వ్యాపారంతో బయటపడతారు. తిరిగిన చోటే తిరుగుతూ ప్రతి చుట్టుకూ చరిత్ర అంటే ఏమిటన్న ప్రశ్న లోతు పెరుగుతుంది. అది చక్కగా కోసిన మర. దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత 1982లో ఆయన మళ్ళీ ఆ కథకు వచ్చి, వేరుగా రాసుకున్న రోబో కథల్ని దీనితో ఒకే వరసలో బిగించాలని చూశారు. ఒకటింబావు పిచ్ నట్టును ఒకటిన్నర పిచ్ బోల్టు మీద పెడితే మొదటి చుట్టు ఆశగా ఎక్కుతుంది, తర్వాత పట్టేస్తుంది. బలవంతంగా తిప్పితే రెండూ పోతాయి. ఒక్క విశ్వంలో అన్నీ కలపాలన్న ఈ ఆశ ఇప్పుడు తెలుగు సినిమాకు కూడా పట్టుకుంది. విడివిడిగా బాగున్న కథల్ని కలిపేముందు వాటి పిచ్ చూడాలి.

‘బాహుబలి’ దగ్గర నేను జనంతో ఏకీభవిస్తాను. 2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ దాకా దేశమంతా ఒక్క ప్రశ్న మీద నిలబడింది. కట్టప్ప ఎందుకు చంపాడు? అది కొండచిలువ నోరు తెరవడం లాంటి ప్రశ్న కాదు. ఆపద ఎవరికి అన్నది కాదు, నమ్మిన మనిషి ఎందుకలా చేశాడన్నది. రెండో భాగం సరిగ్గా ఆ గాడిలోనే పడింది. జవాబు తెలిశాక మాత్రం కథకు పనిలేక, చివరి యుద్ధం తొందర తొందరగా ముగిసింది. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’కు ఇంకో రకం దెబ్బ తగిలింది. దానికి మూలమైన పుస్తకాల్లో అయిదోది 2011లో వచ్చి ఆగింది, ఆరోది ఇంకా రాలేదు. టీవీ సీరీస్ పుస్తకాలను దాటిపోయి 2019లో ముగిసింది. దాటిన తర్వాతి సీజన్లలో మనుషులు ఊళ్ళ మధ్య దూరాన్ని కూడా మరిచిపోయి పరిగెత్తారు. చుట్టుకు ఒకటిన్నర మిల్లీమీటర్లే అన్న నియమాన్ని వదిలేసి సుత్తితో కొట్టారు.

ఇంతదాకా మంత్రాన్నీ యంత్రాన్నీ కలిపే మాట్లాడాను. తెలుగులో వాటిని విడదీయడం నిజంగా కష్టం. యంత్రం అన్న మాటకు మూలం ‘అదుపులో పెట్టు’ అనే అర్థమున్న యమ్ ధాతువు. నియమం, నియంత్రణ దాని చుట్టాలే. రాగిరేకు మీద గీసి తాయెత్తులో పెట్టేదీ యంత్రమే, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో టర్బైనును తొలిచేదీ యంత్రమే. దసరాకు ఆ పెద్ద యంత్రానికి బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టేవాళ్ళకు ఇందులో వైరుధ్యం కనపడదు. 1949లో వచ్చిన సినిమా పేరు ‘కీలుగుర్రం’. ఎగిరే గుర్రానికి రెక్కలు పెట్టకుండా కీలు పెట్టింది మన జానపదం. కీలం అంటే మేకు. ఆ గుర్రం మంత్రం పక్షమా, మర పక్షమా? పదకొండో శతాబ్దంలో భోజుడి పేర ఉన్న ‘సమరాంగణ సూత్రధారం’ పాదరసం వేడితో ఎగిరే కొయ్య పక్షి గురించి చెబుతుంది. అదే శతాబ్దంలో సోమదేవుడి ‘కథాసరిత్సాగరం’లో ఒక వడ్రంగి నగరమంతా కొయ్య బొమ్మలతో నింపి, వాటిని మనుషుల్లా నడిపిస్తాడు. కాబట్టి ‘ఫాంటసీ’, ‘సైన్స్ ఫిక్షన్’ అని రెండు అరలు పెట్టి, ఒకదాన్ని పిల్లలదనీ ఇంకోదాన్ని చదువుకున్నవాళ్ళదనీ అనేవాళ్ళతో నాకు కుదరదు.

కథాసరిత్సాగరానికి మూలం గుణాఢ్యుడి బృహత్కథ. శాతవాహన రాజు తోసిపుచ్చితే ఏడు లక్షల శ్లోకాల్లో ఆరు లక్షలు తగలబెట్టాడని, అడవి జంతువులు తిండి మాని విన్నాయని కథ. సంగారెడ్డికి దగ్గరలో కొండాపురం దిబ్బల్లో 1940లలో తవ్వితే శాతవాహనుల నాణేలు, మట్టిబొమ్మలు బయటపడ్డాయి. గుణాఢ్యుడిది ఈ నేలేనని ఇక్కడివాళ్ళు కొందరు గట్టిగా చెబుతారు. దానికి శాసనం లేదు. అయినా ఆ మాట అనాలని వాళ్ళకు ఎందుకు అనిపిస్తుందో నాకు అర్థమవుతుంది. అచ్చు లేని రోజుల్లో అంత పెద్ద అద్భుత కథామాల రాసినవాడు, చదివేవాళ్ళు దొరకక ఒక్కో పుటా నిప్పుల్లో వేశాడు. సీరీస్ రాసేవాళ్ళకు ఇంతకన్నా దగ్గరి పూర్వీకుడు ఎవరు?

మరమనిషి దగ్గరికి మళ్ళీ వస్తాను. రోబో అన్న మాటను లోకానికి ఇచ్చింది చెక్ రచయిత కారెల్ చాపెక్, 1920లో రాసిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకంలో. మాట సూచించింది ఆయన అన్న జోసెఫ్. చెక్ భాషలో రోబోత అంటే దొర పొలంలో కూలి లేకుండా చేయవలసిన పని. తెలుగులో దానికి తడుముకోకుండా చెప్పగలిగిన మాట ఉంది: వెట్టి. మా ఈ మెతుకుసీమలో ఆ మాట అర్థం పెద్దవాళ్ళను అడిగితే నిఘంటువు అక్కర్లేదు. తాత ఏ దొర గడీలో చేశాడో చెబుతారు. రోబోను మనం ‘మరమనిషి’ అన్నప్పుడు ఇనుము వచ్చింది, వెట్టి పోయింది. మాట తెలుగైంది కానీ కోపం రాలేదు.

ఇంకొక సంగతి ఉంది. చాపెక్ రోబోలు ఇనుప మనుషులే కారు. వాళ్ళ ఒళ్ళు రసాయనాలతో ఫ్యాక్టరీ తొట్లలో కలిపి చేసింది. అంటే ఆ నాటకం నడిచే చోటు లేత్ షాపు కాదు. పాశమైలారంలోనో బొల్లారంలోనో ఉన్న రియాక్టర్ బ్లాకుకు దగ్గర. పాశమైలారంలో 2025 జూన్ 30న ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి దూర రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు. ఇళ్ళవాళ్ళు ఆనవాళ్ళ కోసం డీఎన్ఏ పరీక్షల దగ్గర నిలబడ్డారు. రోబో అన్న మాటలోని వెట్టిని మనం తెచ్చుకొని ఉంటే, తెలుగు వైజ్ఞానిక కల్పన ఇలాంటి చోట మొదలయ్యేది.

మనం మొదలుపెట్టింది ఇంకో చోట, అదీ తక్కువ చోటేం కాదు. సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ 1991లో టైం మెషిన్‌లో మనల్ని 1526కు, కృష్ణరాయల కొలువుకు, ఆ తర్వాత 2504కు తీసుకుపోయింది. భవిష్యత్తు కన్నా గతంలో ఆ సినిమాకు ఊపిరి ఎక్కువ. తెలుగువాళ్ళ కాలయంత్రం వెనక్కి నడిచినంత చక్కగా ముందుకు నడవదు. రెండో భాగం పేరు ఏళ్ళ తరబడి వినపడుతూనే ఉంది. నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏ.డి.’ 2024 జూన్ 27న వచ్చింది. అందులో నాకు నచ్చింది బుజ్జి. ఆరు టన్నుల బండిని బొమ్మగా కాకుండా నడిచేదిగా నిజంగా తయారు చేయించారు. అందుకే తెర మీద దానికి బరువుంది. కథానాయకుడు భైరవుడు ఇంటి అద్దె బాకీ ఉన్నవాడు కావడం ఇంకా నచ్చింది. అశ్వత్థామను తెచ్చి భవిష్యత్తులో నిలబెట్టడం మంత్రాన్నీ యంత్రాన్నీ విడదీయని తెలుగు పద్ధతికి కొనసాగింపు.

కానీ కాశీ మీద తలకిందులుగా వేలాడే ఆ కాంప్లెక్సును చూస్తే, ఈ ప్రాంతం మనిషికి రావలసిన ప్రశ్న వస్తుంది. నాతో సినిమా చూసిన ఫిట్టర్ ఒకాయన బయటికి రాగానే అదే అడిగాడు: “అంత పెద్దగున్నది కదా సార్, దానికి మెయింటెనెన్స్ ఎవరు చేస్తరు?” అది ఎగతాళి కాదు. అంత యంత్రానికి గ్రీజు పెట్టేవాళ్ళు, లీకు కట్టేవాళ్ళు, నైట్ షిఫ్టు దిగి నిద్రకళ్ళతో బస్సెక్కేవాళ్ళు ఉండాలి. సినిమాలో వాళ్ళు లేరు. కాంప్లెక్సు నీళ్ళు పీల్చుకుంటుందని చెప్పారు, మోటారు దగ్గర ఎవరున్నారో చూపలేదు. మొదటి భాగం చాలా చుట్లు తిరిగి, దిగవలసిన లోతంతా రెండో భాగానికి వదిలింది. రెండో భాగం హాఫ్ నట్ ఎక్కడ వేస్తుందో దాన్ని బట్టే ఈ సీరీస్ ఏమవుతుందో తెలుస్తుంది. ఇంకో దేవుణ్ణి దింపితే పక్కన కొత్త గాడి పడుతుంది. కాంప్లెక్సు లోపల పనిచేసే మనిషి దగ్గరికి పోతే పాత గాడే లోతవుతుంది.

ఈ ప్రాంతంలోంచి ఒక సీరీస్ రావాలని నాకు చాలా ఏళ్ళుగా ఉంది. సరంజామా అంతా ఇక్కడే ఉంది. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో యుద్ధవాహనాలు తయారవుతాయి. కంది ఐఐటీలో డ్రైవరు లేని బండ్లను నడిపి చూసే దారి 2022లో తెరిచారు. 1972 నుంచి ఉన్న ఇక్రిశాట్ చలిగదుల్లో జొన్న, సజ్జ, కంది, శనగ విత్తనాలు రేపటి కరువుల కోసం ఎదురుచూస్తున్నాయి. అన్నిటికీ మించి నక్కవాగు ఉంది. అప్పట్లో దాదాపు తొంభై మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసి ఈ వాగు వైపు వదిలిన పటాన్‌చెరు ప్లాంటు నీళ్ళను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ప్రకటించారు: లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. ఆ నీళ్ళలో బతికిన సూక్ష్మజీవి మందును ఓడించడం నేర్చుకుంటుంది. ఆ వాగు మంజీరలో కలుస్తుంది.

మొదటి పుస్తకం వాగు రంగు మారిన ఏటి నుంచి, చేను ఎండి కోర్టుకెక్కిన రైతుల నుంచి మొదలుకావచ్చు. రెండోది అదే వాగు దగ్గరికి తిరిగి వచ్చి సీసాలో నీళ్ళు పట్టుకుపోయే పరిశోధకురాలిని పట్టుకోవచ్చు. మూడోది మళ్ళీ అక్కడికే, ఏ మందుకూ తగ్గని జ్వరంతో. ఆ జ్వరానికి రాసేవాళ్ళు మంత్రం పెట్టినా, మర పెట్టినా నాకు అభ్యంతరం లేదు. అది ఎవరింట్లో మొదలవుతుందన్నదే అసలు నిర్ణయం. నేనైతే రియాక్టర్ దగ్గర నైట్ షిఫ్టు చేసి, ఆ మందునే తన చేత్తో డ్రమ్ములకెత్తే కాంట్రాక్టు కూలి ఇంట్లో మొదలుపెడతాను; అతని పిల్ల పాత చందమామలు చదివేది కావాలి.